అంకెలు లేని గడియారం

అంకెలు లేకపోవడమే నన్ను పట్టేసి ఉంటుంది. లేకపోతే ఆ రోజు ఎండ అలాంటిది కావచ్చు. మాడిపోతున్న రోడ్డు మీంచి వచ్చినవాడికి ఆ షోరూములోని చల్లదనం తగిలి మనసు వదులై ఉండవచ్చు. ఇన్ని నెలలు గడిచాక కూడా ఆ క్షణాన్ని తిరగేసి చూసుకుంటూనే ఉన్నాను, దొంగ దొరకని ఇంట్లో తలుపు గడియలన్నీ మళ్ళీ మళ్ళీ లాగి చూసుకునేవాడిలా. ఫలానా చోట మొదలైందని తెలిస్తే ఏదో తేలుతుందని ఆశ. ఏమీ తేలదు.

వైశాఖమాసం. రాజమండ్రి మెయిన్‌రోడ్డులో మనుషులు గోడల నీడ పట్టుకుని నడుస్తున్నారు. మా నాన్నగారి చేతి గడియారం రెండు రోజులుగా ఆగి ఆగి నడుస్తుంటే, ఆగినప్పుడల్లా టైమ్ పెట్టుకోలేక, బాగు చేయించుకుందామని ఆ గడియారాల షోరూముకు వెళ్లాను. పాత కీ గడియారాలు విప్పగలిగిన మనిషి ఊళ్లో అక్కడే ఉన్నాడని ఎవరో చెప్పారు. అతని పేరు సాల్మన్. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక గాజు గదిలో కూర్చుంటాడు. నా గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "గంట పడుతుందండి. అలా కూర్చోండి," అన్నాడు.

కూర్చుని ఉంటే సరిపోయేది. లేచి అద్దాల బల్లల మధ్య తిరిగాను.

మిగతావన్నీ ఏదో ఒకటి చెబుతున్నాయి. తేదీ, వారం, చంద్రుడు, సముద్రంలో లోతు. ఇది ఒక్కటే ఏమీ చెప్పడం లేదు. మీగడ రంగు పలక, సన్నటి రెండు ముళ్లు, గోధుమరంగు తోలు పట్టీ. అంకె లేదు, గీత లేదు, సెకన్ల ముల్లు లేదు. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందం. నేను ఎందుకు నిలబడిపోయానో నాకే తెలియలేదు.

"తీసి చూపించమంటారా అండీ?" కౌంటర్లో ఉన్న అమ్మాయి అడిగింది. చొక్కా మీద సుప్రియ అని పేరు ఉంది.

"ఊరికే చూస్తున్నానమ్మా."

"ఊరికే చూడ్డానికే కదండీ అద్దంలో పెట్టింది." నవ్వుతూ తాళం తీసింది. "చెయ్యి ఇవ్వండి."

పెట్టుకున్నాను. అది నా చేతికి బరువు కాలేదు. ఎన్నో ఏళ్లుగా అక్కడ ఒక చోటు ఖాళీగా ఉండి, ఇప్పుడు నిండినట్టు అనిపించింది. యాభై మూడేళ్ల మనిషిని. పౌరోహిత్యం చేసుకునేవాడిని. పంచె, కండువా, ముంజేతి మీద విభూతి రేఖలు. వాటికింద ఆ గడియారం. నవ్వు రావాలి. రాలేదు.

"అంకెల్లేవేంటమ్మా? నిమిషం ఎలా తెలుస్తుంది?"

"తెలీదండి," అంది సుప్రియ సూటిగా. "నిమిషాలు కావాలంటే ఫోను ఉంది కదండీ. ఇది స్విట్జర్లాండుది. చేత్తో కీ ఇవ్వాలి. పక్కవాళ్లకి కనపడాలనుకునేవాళ్లు బంగారు రంగువి తీసుకుంటారు. ఇది తెలిసినవాళ్లే అడుగుతారు."

ధర రెండు లక్షల ముప్పై వేలు. నా దగ్గర అంత ఉంది. లేకపోతే బాగుండేది, లేనివాడికి అక్కడితో అయిపోతుంది.

"ఎవరికండీ? అల్లుడుగారికా?"

"అవునమ్మా," అన్నాను. ఎల్లుండే ఇంట్లో పెళ్లి కనక ఆ అబద్ధం చేతికి అందేంత దగ్గరలో ఉంది.

అప్పుడే సాల్మన్ వెనక గదిలోంచి వచ్చి నాన్నగారి గడియారం బల్లమీద పెట్టాడు. "అయిపోయిందండి పంతులుగారూ. లోపల నూనె ఎండిపోయింది, అంతే. ఐదు నిమిషాలు ముందు నడుస్తోంది, అది కూడా సరిచేసేశాను."

నేను తల ఊపాను. వినలేదని చెప్పుకుంటే సుఖంగా ఉండేది. విన్నాను. కానీ నా కళ్లు కొత్త గడియారం పెట్టుకున్న చేతిమీద ఉన్నాయి, మాట చెవిలోంచి లోపలికి దిగలేదు.

ఆ ఐదు నిమిషాల సంగతి చెప్పాలి. మా నాన్నగారు అంబాజీపేట దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు పెళ్లిళ్లు చేయించారు. ఆయన గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండేది. కావాలనే పెట్టుకునేవారు. "పెళ్లివారి కాలం వెనక నడుస్తుందిరా, మన కాలం ముందు నడవాలి," అనేవారు. పక్కనుంచి తొంగి చూసినవాళ్లు కంగారుపడి పెళ్లికూతుర్ని తొందరగా తీసుకొస్తారు. ఆయన మాత్రం మనసులో ఐదు తీసేసుకుని సరైన వేళకే జీలకర్రా బెల్లం పెట్టిస్తారు. గడియారంతోపాటు ఆ అలవాటూ నాకు వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా చూడటం, ఐదు తీసేయడం. తీసేస్తున్నానని కూడా తెలియనంత అలవాటు.

పెళ్లి మా కౌముదిది. నా భార్య వరహాలక్ష్మికి అక్కకూతురు. పుట్టిన ఏడాదికి తండ్రి, తొమ్మిదో ఏట తల్లి పోతే, పిల్లల్లేని మా ఇంటికి ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. నన్ను బాబాయ్ అంటుంది. కన్యాదానం మా బావమరిది దంపతులు చేశారు, పౌరోహిత్యం నాది. ముహూర్తం కూడా నేనే పెట్టాను, ఉదయం తొమ్మిది గంటల ఇరవై ఒక్క నిమిషాలకు. లగ్నంలో మంచి ముక్క, మంచి అంశ, ఇరవై నాలుగుతో అయిపోతుంది. ఆ తరువాతది నాకు నచ్చలేదు. అందుకే మూడు నిమిషాలు చేతిలో ఉండేలా చూసుకున్నాను. మా పిల్ల పెళ్లికి పెట్టినంత జాగ్రత్తగా ఏ పెళ్లికీ పెట్టలేదు.

మండపంలో నాలుగువందల మంది. అందరి జేబుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలోనూ సరైన టైమే. కానీ ముహూర్తం వేళకి ఎవరూ టైమ్ చూడరు, పంతులు చెయ్యి చూస్తారు. తెరకు ఇటు కౌముది, అటు పెళ్లికొడుకు జానకిరామ్. కాకినాడ పోర్టులో ఉద్యోగం. నెమ్మదస్తుడు. మరీ నెమ్మదస్తుడు.

వీడియో తీసే గణేష్‌బాబు మెడ ఎత్తి పైకి చూస్తూ అరిచాడు. "పంతులుగారూ, డ్రోన్ ఇంకా తిరగలేదండి. ఒక్క నిమిషం ఆపండి."

"నీ డ్రోను కోసం గ్రహాలు ఆగవు నాయనా," అన్నాను మైకులో. మండపమంతా నవ్వింది. నాకు గర్వంగా అనిపించింది. గడియారం చూశాను. తొమ్మిదీ ఇరవై ఆరు. మనసులో ఐదు పోయాయి. చెయ్యి ఎత్తాను. మేళం లేచింది. తెర దిగింది. కౌముది మునివేళ్లతో అతని నెత్తిమీద జీలకర్రా బెల్లం పెట్టింది. వరహాలక్ష్మి ఏడ్చింది. అంతా సవ్యంగా జరిగింది.

పెళ్లయిన మూడో రోజు నిడదవోలులో ఒక గృహప్రవేశం చేయించి తిరుగుబండి కోసం స్టేషనుకు వచ్చాను. గడియారం చూసుకుని, ఇంకా టైముందని బయట నిమ్మసోడా తాగుతూ కూర్చున్నాను. లోపలికి వెళ్లేసరికి బండి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటుతోంది.

"ఇప్పుడేగా కదిలింది పంతులుగారూ. ఇంకో రెండు గంటలు కూర్చోండి," అన్నాడు టీ అమ్మే మనిషి. "సోడా రుచిగా ఉందా?"

తల ఎత్తితే స్టేషను గడియారం. కిందికి చూస్తే నా గడియారం. రెండూ ఒక్క నిమిషం తేడా లేకుండా ఒకే టైమ్ చూపిస్తున్నాయి. మొదట నవ్వొచ్చింది, పాత గడియారం ఎంత బాగా నడుస్తోందని. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే సాల్మన్ మాట వినపడింది. ఇన్ని రోజులు ఎక్కడో బయట నిలబడి ఉన్న మాట అప్పుడు లోపలికి వచ్చింది. సిమెంటు బల్లమీద కూర్చుండిపోయాను. తొమ్మిదీ ఇరవై ఆరు అంటే తొమ్మిదీ ఇరవై ఆరే. మైకులో నవ్వించి మరీ, అంశ దాటిపోయిన రెండు నిమిషాలకు, మా పిల్ల చేతిని నేనే ఎత్తించాను.

రెండు గంటలు అక్కడ కూర్చున్నాను. మరుసటి బండి ఎక్కాక గోదావరి బ్రిడ్జి మీద కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను, ఐదు నిమిషాలకు ఏమీ కాదని. స్టేషను బయట మెట్లు దిగేసరికి ఆ నిర్ణయం లేదు.

జ్యేష్ఠంలో మూడు వారాలు ఏమీ జరగలేదు. జరగకపోవడం ఎంత పని పెడుతుందో అప్పుడు తెలిసింది. ఫోన్ మోగితే వరహాలక్ష్మికంటే ముందు అందుకునేవాడిని. కౌముది కాకినాడ నుంచి మాట్లాడేది. ఇల్లు బాగుంది, బీచి దగ్గర, అత్తగారు రామతులసిగారు మంచివారే, ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చూసుకుంటారు, అని. నాలుగో వారంలో ఆమె బావగారు, జానకిరామ్ అన్న మురళీకృష్ణ మోటారుసైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వర్షానికి రోడ్డు మీద బురద. ఎవరైనా పడతారు.

ఆ వారం నేను షోరూముకు మళ్ళీ మళ్ళీ వెళ్లాను. సిగ్గుపడవలసింది ఇక్కడే. ఆ గడియారాన్ని చూడటం వల్లే ఆ పొరపాటు జరిగింది. మామూలు మనిషైతే ఆ వీధిలోకే వెళ్లకూడదు. కానీ తప్పు తెలిశాక కోరిక చావలేదు, ఇంకా ముదిరింది. నిమిషం తప్పినవాడికి, నిమిషాలే లేని గడియారం ఎంత చల్లగా ఉంటుందో ఎలా చెప్పను. అది నన్ను ఏమీ అడగదు. ఎంతయింది అంటే పది దాటింది అంటుంది, పదకొండు కాలేదు అంటుంది. అంతకన్న ఎవరికి కావాలి? నాన్నగారి గడియారం తీసి పెట్టెలో పెట్టేస్తే, దానితోపాటు ఆ ఉదయం కూడా పెట్టెలోకి వెళ్లిపోతుందని నాలో ఒకడు నమ్మాడు. ఇంకొకడు వాణ్ణి చూసి అసహ్యించుకున్నాడు. మూడోవాడు ఇద్దరి మాటా వింటూ చెయ్యి చాపి, "ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు.

"అల్లుడుగారిని తీసుకురావచ్చు కదండీ," అంది సుప్రియ పట్టీ బిగిస్తూ. "మీరే నాలుగుసార్లు వచ్చారు. ఆయన చెయ్యి కూడా మీ చెయ్యంతేనా?"

"దాదాపు అంతేనమ్మా."

"మావగారంటే మీలా ఉండాలండి," అంది.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తగారింట ఉండకూడని నెల కనక కౌముది మా ఇంటికి వచ్చింది. ఆర్యాపురంలో మాది మేడమీద వాటా. పాత గదిలోనే, పాత మంచం మీదే పడుకుంది. గోదావరి ఎర్రబడింది. ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు ఎత్తారని టీవీలో చూపిస్తున్నారు. మొదటి పది రోజులూ ఇంట్లో నవ్వులే. పదకొండో రోజు రామతులసిగారు ఫోన్ చేశారు. వరహాలక్ష్మి స్పీకర్ పెట్టింది. వంటింట్లో కౌముది మునగాకు దూస్తోంది.

"అన్నయ్యగారూ, మీరు పెద్దవారు, శాస్త్రం తెలిసినవారు. అమ్మాయిది జ్యేష్ఠా నక్షత్రం కదండీ. బావగారికి కీడు అంటారు. మీరు పర్లేదన్నారని మేం సరేనన్నాం. నెల తిరక్కుండా మా పెద్దాడికి ఇలా అయింది."

"రోడ్డు మీద బురద అన్నారు కదమ్మా."

"బురద అందరికీ ఉందండి. పడ్డది మావాడు. మా తోటికోడలు కూడా అంటోంది, ముందే శాంతి చేయించి ఉండాల్సిందని. మా జానకిరామ్ ఏమీ అనడు, వాడి సంగతి మీకు తెలుసు కదా. కానీ నాకు నిద్ర పట్టట్లేదండి. శ్రావణంలో తీసుకెళ్లే ముందు ఏదో ఒకటి ఆలోచించండి."

"అలాగేనమ్మా," అన్నాను. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఇంట్లోనూ అనే మాట.

ఫోన్ పెట్టేశాక వరహాలక్ష్మి నాకేసి చూసింది. "మీరు మళ్ళీ ఓసారి చూడండి. అక్క పురిటి టైమ్ సరిగ్గా రాసుకుందో లేదో."

"చూశాను కదా."

"మళ్ళీ చూడండి అంటున్నాను. చూస్తే అరిగిపోతుందా?"

చూశాను. రెండు జాతకాలూ ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను, అందులో లేదని తెలిసినదాన్ని వెతుకుతూ. తప్పు జాతకంలో లేదు. నా ఎడమచేతి మణికట్టు మీద ఉంది. రోజూ పొద్దున్నే దానికి కీ ఇస్తున్నాను. ఐదు నిమిషాలు మళ్ళీ ముందుకు జరపలేదు. జరిపితే ఏదో ఒప్పుకున్నట్టు. జరపకపోతే కూడా.

ఒక సాయంత్రం వాన వెలిశాక కౌముది డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నేను కుర్చీలో ఉన్నాను. క్లిప్పులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తూ, నావైపు తిరక్కుండా అడిగింది.

"బాబాయ్, నా నక్షత్రం నిజంగా అంత చెడ్డదా?"

"నక్షత్రాలకి అంత తీరికెక్కడిదే, రాజమండ్రిలో ఎవరున్నారో చూడ్డానికి."

"మరి ముహూర్తాలు ఎందుకు పెడతావు?"

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"నాన్న నేను పుట్టిన ఏడాదే పోయాడు. తరవాత అమ్మ. ఇప్పుడు బావగారి చెయ్యి. ఆయన పాపం ఏమీ అనలేదు. చెయ్యి కట్టుతో ఉంటే నేను మంచినీళ్లు తీసుకెళ్లాను. గ్లాసు అందుకునేటప్పుడు కొంచెం వెనక్కి జరిగాడు. కొంచెమే. నేను చూశాను." ఒక తువ్వాలు దులిపి తాడుమీద వేసింది. "నేను ఎమ్మెస్సీ చదివాను బాబాయ్. ఇవన్నీ నమ్మకూడదని నాకు తెలుసు. కానీ ఆయన జరిగినప్పుడు నాకు కోపం రాలేదు. నిజమేనేమో అనిపించింది. అదే భయంగా ఉంది."

అప్పుడు చెప్పాలి. గొంతు దాకా వచ్చింది కూడా. ఐదు నిమిషాలు తప్పాయమ్మా, నీ వల్ల కాదు, నా వల్ల, అని చెబితే ఆ పిల్ల భుజాల మీంచి ఏదో దిగుతుంది. కానీ లోపల ఎప్పుడూ మేలుకుని ఉండే వకీలు లేచాడు. ముహూర్తం తప్పడం వల్ల ఏమీ కాదని నమ్మితే చెప్పడం ఎందుకు? అవుతుందని నమ్మితే, ఆ పెళ్లి మీద చెడు ముద్ర నువ్వే వేస్తావా? వాడి వాదన బాగుంది. వాడు దాచినది ఒక్కటే: ఈ మాట బయటపడితే ఆర్యాపురం నుంచి ధవళేశ్వరం దాకా నన్ను పెళ్లికి పిలిచేవాడు ఉండడు. సొంత పిల్ల ముహూర్తమే తప్పించాడట, అంటారు. నాకు ఇంకో పని రాదు.

"క్లిప్పులు అయిపోయాయి," అంది కౌముది. నేను లేచి లోపలికి వెళ్లి క్లిప్పులు తెచ్చి ఇచ్చాను. చేయగలిగింది అంతే.

శ్రావణం పాడ్యమి వచ్చింది, పంచమి వచ్చింది. కాకినాడ నుంచి ఎవరూ రాలేదు. జానకిరామ్ రోజూ ఫోన్ చేస్తాడు. తిన్నావా అని అడుగుతాడు. ఎప్పుడు తీసుకెళ్తావని మా పిల్ల అడగదు, ఎప్పుడొస్తావని అతను అడగడు. ఒకరోజు వరహాలక్ష్మి నా సంచీలో పంచాంగం కోసం చెయ్యి పెట్టి షోరూము వాళ్లిచ్చిన కార్డు పైకి తీసింది. వెనక సుప్రియ రాసిన ధర, గడియారం నంబరు, కింద 'అల్లుడుగారికి' అని ఉన్నాయి. సుప్రియ అన్నీ శ్రద్ధగా రాసే పిల్ల.

ఆమె ఆ కార్డు రెండుసార్లు చదివింది. తరవాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పకుండా ఇంత ఆలోచన చేస్తున్నారా? మీరు పట్టించుకోవడం లేదనుకున్నాను. పిచ్చిదాన్ని."

"వరం, అది..."

"ఖరీదు ఎక్కువే. అయినా ఎవరి కోసం దాచాం? వాళ్లు అన్న శాంతి చేయించేద్దాం, ఆ రోజున పళ్లెంలో పెడదాం. ఆవిడ నోరు మూతపడుతుంది. ఆ అబ్బాయికి కూడా మనమీద కాస్త..." మధ్యలో ఆపి, "మీరు మంచివారండీ," అంది. ముప్పై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నిజం చెప్పడానికి అది రెండో అవకాశం. మంచివాడినైపోయాను కనక చెప్పలేదు.

శాంతికి తొమ్మిదో తేదీ అనుకున్నాం. ఎనిమిదిన షోరూముకు వెళ్లాను. సుప్రియ అందర్నీ పిలిచి, "చివరికి మన పంతులుగారు తీసుకుంటున్నారు," అంది. సాల్మన్ కూడా గాజు గదిలోంచి వచ్చాడు. "కీ గడియారాలు వాడేవారు తగ్గిపోయారండి. అల్లుడుగారికి చెప్పండి, రోజూ ఒకే వేళకు కీ ఇవ్వమని. మీ పాతది ఎలా నడుస్తోంది? టైమ్ సరిగ్గా చూపిస్తోందా?"

"చాలా సరిగ్గా," అన్నాను.

"టైమ్ పెట్టి ఇమ్మంటారా అండీ?" సుప్రియ అడిగింది.

"వద్దమ్మా. ఆగే ఉండనీ."

ఒక్కసారి పెట్టుకుని చూస్తానని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆమె మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టెకు ఎర్ర రిబ్బను చుట్టింది. నాకు కావలసిన ఒకే ఒక్క వస్తువు నా డబ్బుతో, నా కళ్లముందు, ఇంకొకరిదైపోయింది. ఎవరిమీదా కోపం లేదు. ఒక్క అడ్డమాట వేసి ఉంటే ఆగేది. ఆ ఒక్క మాట నా దగ్గర లేదు.

తొమ్మిదిన పొద్దున్న వాళ్లు కారులో వచ్చారు, రామతులసిగారు, జానకిరామ్. మురళీకృష్ణ రాలేదు. కాజాల పొట్లం తెచ్చారు. రామతులసిగారు వరహాలక్ష్మి చేతులు పట్టుకుని, "ఏమీ అనుకోకండి వదినగారూ, పిల్లల మంచికే," అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ముఖంలో నిజంగానే నిద్రలేదు. ఎవరైనా చెడ్డవాళ్లుంటే నాకు తేలికగా ఉండేది.

పూజకు ముందు వరహాలక్ష్మి పళ్లెంలో బట్టలు, పళ్లు, పెట్టె పెట్టి అల్లుడికి ఇచ్చింది. జానకిరామ్ రిబ్బను విప్పాడు. అతని చేతికి అప్పటికే నల్లటి స్మార్ట్‌వాచీ ఉంది. వేలు తగిలితే వెలుగుతుంది.

"బాగుందండి," అన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంకెల్లేవేంటండీ మావయ్యగారూ?"

"అది అలాగే ఉంటుంది బాబూ."

"ఆగిపోయినట్టుంది."

"కీ ఇస్తే నడుస్తుంది."

"ఓహో," అని జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో పెట్టి, పెట్టెను కిటికీ గట్టుమీద పెట్టాడు. నా కళ్లు దానితోపాటు కిటికీ దాకా వెళ్లాయి. ఆ క్షణంలో కూడా వెళ్లాయి. దాచడం ఎందుకు.

ఇద్దర్నీ పీటలమీద కూర్చోబెట్టాను. తమలపాకులో పసుపు గణపతి, ఎదురుగా కలశం. ఇలాంటి శాంతులు కొన్ని వందలు చేయించాను. ముందు సంకల్పం చెప్పాలి. ఏ దేశంలో, ఏ నది ఒడ్డున, ఏ మాసంలో, ఏ తిథిన కూర్చున్నామో చెప్పి, ఆఖరున ఎవరి దోషం పోవాలని ఈ పని చేస్తున్నామో వాళ్ల పేరు, గోత్రం చెప్పాలి. ఆ పేరుగల మనిషి చేతిలో అక్షతలు పట్టుకుని, అందరిముందు, తలవంచుకుని వినాలి.

మొదలుపెట్టాను. మాటలు వాటంతటవే వస్తాయి, నేను లేకపోయినా వస్తాయి. గోదావరీ తీరం వచ్చింది. వర్షఋతువు, శ్రావణమాసం వచ్చాయి. కౌముది తలవంచుకుంది. తొమ్మిదేళ్లప్పుడు ట్రంకు పెట్టె పక్కన నిలబడి, ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగిన రోజు ఎలా వంచుకుందో అలాగే. వేళ్లు బిగించి అక్షతలు పట్టుకుంది. తన పేరు రాబోతోందని తెలుసు. దానికి సిద్ధపడిపోయింది. అంత సులువుగా సిద్ధపడటం చూశాను.

తిథి వచ్చింది, వారం వచ్చింది. ఇక పేరే మిగిలింది. ఒక్క ఊపిరి ఆగాను.

"కౌండిన్యస గోత్రోద్భవస్య," అన్నాను, "సూర్యప్రకాశ శర్మ నామధేయస్య."

జానకిరామ్‌కి తేడా తెలియలేదు. కౌముది తల ఎత్తలేదు. వరహాలక్ష్మి దీపంలో నూనె పోస్తున్నదల్లా ఆగింది. వ్రతాలు, శాంతులు ఎన్నో చూసిన రామతులసిగారు నెమ్మదిగా ముందుకు వంగారు.

"అన్నయ్యగారూ, మీ పేరు చెప్పారు. అమ్మాయి పేరు కదండీ చెప్పాల్సింది?"

"కాదమ్మా," అన్నాను. "నాదే."

కౌముది తల ఎత్తింది. నేను ఎడమచేతి గడియారం పట్టీ విప్పాను. లోపలివైపు చెమటకు తడిసి ఉంది. టైమ్ చూడకుండా దాన్ని తీసి, పసుపు గణపతి పక్కన ఇంకో తమలపాకు వేసి, దానిమీద, ఆ పిల్లకు కనపడేలా పెట్టాను.